కనిపించని దారం



సెమినరీలో మాతో చదువుకున్న ఒక మిత్రుడు ఒక పిల్లల పుస్తకం చదవమని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. రాకుమార్తె, కొండ గుహల్లో మరుగుజ్జు భూతాలు! పాస్టరుకు దానితో ఏం పని అని మేము పక్కన పెట్టాము. ఈ మధ్యనే చదివాము. ఇంత ఆలస్యం చేసినందుకు సిగ్గుపడ్డాము.

1872లో వెలువడిన ఆ పుస్తకం ‘ది ప్రిన్సెస్ అండ్ ది గాబ్లిన్’. రాసినవారు జార్జ్ మెక్‌డొనాల్డ్. ఆయన 1824లో స్కాట్లండ్‌లోని హంట్లీలో పుట్టారు. ఎనిమిదేళ్ల ప్రాయంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. వేదాంత విద్య ముగించి, 1850లో ఇంగ్లండ్‌లోని అరండెల్ సంఘానికి కాపరి అయ్యారు. దేవుని ప్రేమ తాము గీసిన గీతకంటే విశాలమైనదని ఆయన ప్రసంగించడం కొందరు పెద్దలకు నచ్చలేదు. వెళ్లిపొమ్మని ముఖాన చెప్పలేక జీతం తగ్గించారు. సంఘం ఇబ్బందుల్లో ఉందనుకుని, తక్కువతోనే సర్దుకుంటామన్నారాయన! చివరికి 1853లో రాజీనామా చేశారు. ఊపిరితిత్తుల జబ్బు, పదకొండుమంది పిల్లలు. ఉపన్యాసాలతో, రచనలతో సంసారాన్ని ఈదారు. పిల్లల్లో కొందరిని తన చేతులతోనే సమాధి చేశారు.

కథలో ఐరీన్ అనే రాకుమార్తెకు మేడమీది అవ్వ ఒక దారం ఇస్తుంది. అది కంటికి కనిపించదు, వేలికి మాత్రం తగులుతుంది. దాన్ని పట్టుకుని చీకటి గుహలోకి వెళ్లి, చిక్కుకున్న గని కుర్రవాడు కర్డీని ఆమె విడిపిస్తుంది. అవ్వ దగ్గరకు తీసుకెళ్తే, అతనికి కనిపించింది ఖాళీ అటక, కాస్త గడ్డి, ఒక వాడిపోయిన ఆపిల్ మాత్రమే. ఐరీన్ ఎంతో నొచ్చుకుంటుంది. కానీ అవ్వ, ఇంకా నమ్మలేనివారిమీద కోపగించవద్దని ఆమెకు ఓర్పు నేర్పుతుంది.

మేము అక్కడే ఆగిపోయాము. తన సంఘంలో తనకు దొరకని ఓర్పును ఆయన పిల్లలకు నేర్పారు. 1905లో ప్రభువు నందు నిద్రించారు. పదకొండేళ్ల తర్వాత, విశ్వాసం విడిచిన సి.ఎస్. లూయిస్ అనే యువకుడు రైల్వే స్టేషనులో ఆయన మరో పుస్తకం కొన్నాడు. క్రీస్తువైపు తాను నడిచిన దారి అక్కడ మొదలైందని తర్వాత సాక్ష్యమిచ్చాడు.

జీతం ఆపి సేవకుణ్ణి సాగనంపడం మన సంఘాలకూ తెలియని విద్య కాదు. సందేహించే యువకుణ్ణి గద్దించి పంపిన పాపం మాలాంటి కాపరులదీ. ఈ వారం అలాంటి ఒకరి తలుపు తడదాం. దారం మన చేతికి దొరికింది కృపవల్లనే గదా!