చట్టసభలలో రైతు గళం - ఆచార్య ఎన్.జి. రంగా

(నవంబరు 7 ఆచార్య రంగా జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

భారత చట్టసభల చరిత్రలో రైతు సమస్యనే ఊపిరిగా చేసుకొని దాదాపు ఆరు దశాబ్దాలు ప్రజాప్రతినిధిగా సేవలందించిన మహనీయుడు ఆచార్య గోగినేని రంగనాయకులు. ఎన్.జి. రంగాగా సుప్రసిద్ధులైన ఆయన 1900 నవంబరు 7వ తేదీన గుంటూరు జిల్లా నిడుబ్రోలు గ్రామంలోని రైతు కుటుంబంలో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం అభ్యసించి, స్వదేశానికి తిరిగివచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. గాంధీజీ పిలుపునందుకొని 1930లో స్వాతంత్ర్యోద్యమంలో చేరారు. కొలువు విడిచినా ఆచార్య అనే మాట ఆయన పేరుకు ముందు స్థిరపడిపోయింది.

కోస్తా జిల్లాలలో ఒకవైపు రైత్వారీ భూములపై శిస్తు భారం, మరొకవైపు వెంకటగిరి వంటి జమీందారీలలో దోపిడీ సాగుతున్న కాలమది. రంగా జమీందారీ రైతులను కూడగట్టి ఉద్యమాలు నడిపారు. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయాన్ని నెలకొల్పి గ్రామీణ యువకులకు రాజకీయ, ఆర్థిక విషయాలలో శిక్షణ ఇచ్చారు. 1936లో లక్నోలో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభకు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు కాగా, రంగా ప్రధాన కార్యదర్శిగా ఎన్నికయ్యారు.

1930వ దశకంలో కేంద్ర శాసనసభలో ప్రవేశించిన రంగా, 1946లో రాజ్యాంగ సభ సభ్యులయ్యారు. లక్ష్యాల తీర్మానంపై జరిగిన చర్చలో పాల్గొంటూ, దేశంలో నిజమైన అల్పసంఖ్యాకులు హక్కులకు నోచుకోని పేద ప్రజలేనని, రాజ్యాంగం ముందుగా వారికే రక్షణ కల్పించాలని వాదించారు. 1951లో కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించారు. 1952లో రాజ్యసభ సభ్యులయ్యారు. అనంతరం మాతృసంస్థలో చేరి 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

ఆయన జీవితంలో కీలక ఘట్టం 1959లో ఎదురైంది. ఆ ఏడాది జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని లక్ష్యంగా ప్రకటించింది. పరపతికి, ఎరువులకు, అమ్మకాలకు సహకార సంఘాలు అవసరమేనని, సాగుభూమిని మాత్రం ఉమ్మడిగా కలిపివేస్తే చిన్నరైతు తన పొలంలోనే కూలీగా మారిపోతాడని రంగా భావించారు. అధికార పక్షంలోని స్థానాన్ని వదులుకొని రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపనలో పాల్గొని, దాని అధ్యక్షులయ్యారు. ఈ నిర్ణయానికి మూల్యం చెల్లించవలసి వచ్చింది. 1962 సాధారణ ఎన్నికలలో తెనాలిలో ఓటమి పాలయ్యారు. అదే సంవత్సరం చిత్తూరు ఉప ఎన్నికలో విజయం సాధించి సభకు తిరిగివచ్చారు.

రాజ్యాంగ 17వ సవరణ బిల్లుపై చర్చ ఆయన శాసన కృషికి గీటురాయి. ఎస్టేటు అనే పదం పరిధిలోకి రైత్వారీ భూములను సైతం తీసుకువచ్చిన బిల్లు అది. రైత్వారీ ప్రాంతం నుంచి వచ్చిన రంగా దీనిని తీవ్రంగా ప్రతిఘటించారు. రాజ్యాంగ సవరణకు హాజరై ఓటు చేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతుతోపాటు సభ మొత్తం సభ్యత్వంలో సగానికి పైగా ఓట్లు రావాలి. 1964 ఏప్రిల్‌లో ఓటింగు జరిగినప్పుడు ఈ రెండవ నిబంధన నెరవేరనందున బిల్లు వీగిపోయింది. తిరిగి ప్రవేశపెట్టగా అదే ఏడాది జూన్‌లో ఆమోదం పొందింది. గరిష్ఠ పరిమితికి లోబడి సొంత సాగులో ఉన్న భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ విలువకు తగ్గకుండా పరిహారం చెల్లించాలన్న నిబంధన కూడా ఈ సవరణ ద్వారానే రాజ్యాంగంలో చేరింది.

1967లో శ్రీకాకుళం నుంచి గెలుపొందిన రంగా, 44 స్థానాలతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షంగా నిలిచిన స్వతంత్ర పార్టీకి నాయకత్వం వహించారు. 1969 నాటి బ్యాంకుల జాతీయీకరణను, 1970 నాటి రాజభరణాల రద్దు బిల్లును ఆ పక్షం వ్యతిరేకించింది. జమీందారీలపై పోరాడిన నాయకుడు మాజీ సంస్థానాధీశులున్న పార్టీలో ఉండడం, భూమిలేని కూలీల కంటే భూమి గల రైతు పక్షమే ఎక్కువగా వహించడం విమర్శలకు గురయ్యాయి. సాగుచేసేవానికే భూమిపై హక్కు ఉండాలన్న తన సిద్ధాంతం నాడు జమీందారు విషయంలోను, నేడు ప్రభుత్వం విషయంలోను ఒక్కటేనన్నది ఆయన సమాధానం.

1971లో పరాజయం పొందిన పిమ్మట తిరిగి కాంగ్రెసులో చేరి రాజ్యసభ సభ్యులయ్యారు. 1980, 1984, 1989 ఎన్నికలలో గుంటూరు నుంచి వరుసగా లోక్‌సభకు ఎన్నికై, తొంభయ్యేళ్ల వయస్సులో 1991లో పార్లమెంటు జీవితం నుంచి విరమించారు. అదే సంవత్సరం భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ పురస్కారంతో సత్కరించింది. 1995 జూన్ 9న ఆయన కన్నుమూశారు.

1964లో స్థాపితమైన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన మరణానంతరం ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. రాష్ట్ర విభజన తరువాత గుంటూరు సమీపంలోని లాం కేంద్రంగా అది కొనసాగుతున్నది. పార్టీలు మారినా, గెలుపోటములు ఎదురైనా, రైతు పొలం రైతుదిగానే ఉండాలన్న పట్టుదలను సడలనివ్వని ప్రజాప్రతినిధిగా రంగా చిరస్మరణీయులు.