కంపెనీ లెక్కకు అందని తెలుగు: సి.పి. బ్రౌన్ జీవితము

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకులు, బహుభాషావేత్త. తండ్రి మరణించిన పిమ్మట కుటుంబము ఇంగ్లండు చేరినది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగమునకు అక్కడ శిక్షణ పొంది, 1817లో బ్రౌన్ మద్రాసులో దిగారు. అప్పటికి ఆయనకు తెలుగు రాదు. పందొమ్మిదవ ఏట ఓనమాలతో ఆరంభించి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద చదువుకున్నారు. పెద్దవయసులో అక్షరములు దిద్దుకొనుచున్న మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా బంధువులు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఆనాటి తెలుగు చదువు ఎందుకొరకు నడిచినదో చెప్పవలసి ఉన్నది. కంపెనీ వర్తకము కొరకు పుట్టిన సంస్థ. దేశము చేతికి వచ్చిన తరువాత దానికి శిస్తు వసూలు ముఖ్యమైనది. రైతుతో మాట్లాడలేని దొర శిస్తు లెక్క చూడలేడు. దుబాసీ చెప్పినదే నమ్మవలసి వచ్చును. కాబట్టి 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల స్థాపించి, యువ ఉద్యోగులకు దేశభాషలు నేర్పించారు. పరీక్షలో నెగ్గినవారికి జీతము పెరిగెడిది. భాషకు అట్లు ధర కట్టారు. కచేరీలో అక్కరకు వచ్చునంత తెలుగుకు విలువ ఉన్నది. అంతకు మించిన దానికి లేదు.

బ్రౌన్ 1820లో ఆ పరీక్ష ముగించి కడపకు ఉద్యోగిగా వెళ్ళారు. చాలామంది దొరల తెలుగు చదువు అక్కడితో ఆగిపోయెడిది. ఆయన చదువు అక్కడ మొదలైనది. 1824లో ఫ్రెంచి మతబోధకుడు దుబాయి రచించిన గ్రంథములో వేమన పేరు చూసి, ఆ పద్యముల కొరకు తాళపత్రములు వెదకించారు. పండితులు పలువురు వేమనను కవిగా లెక్కించలేదు. కంపెనీకైతే వేమన వలన పైసా ఆదాయము లేదు. అయినను బ్రౌన్ ఒక్కొక్క పద్యమునకు అనేక ప్రతులు తెప్పించి, పోల్చి, ఆంగ్లానువాదముతో 1829లో అచ్చు వేయించారు.

కడపలో బంగళా కొని, పండితులకు, వ్రాయసకాండ్రకు సొంత జీతము నుండి చెల్లించి గ్రంథములను పరిష్కరింపజేశారు. జూలూరి అప్పయ్య వంటివారు ఆయన కొలువులో వ్యాఖ్యానములు వ్రాశారు. పురుగులు తినుచున్న తాటాకులు కాగితము మీదికి ఎక్కినవి. ఈ పనిలో ఆయన అప్పుల పాలయ్యారు. కంపెనీ లెక్కలో ఇది నష్టము. మన లెక్క వేరు.

అయితే ఒక మాట దాచరాదు. కంపెనీ జీతము లేనిదే బ్రౌన్ తెలుగుదేశము చూచేవారే కారు. ఆ జీతమునకు మూలము రైతు కట్టిన శిస్తే. ఆయనను పూజించుటకు ముందు దీనిని కూడ తలచుట న్యాయము.

1832–33లో గుంటూరు సీమను ఘోరమైన కరువు పట్టినప్పుడు బ్రౌన్ ఆ ప్రాంతములో పనిచేశారు. 1834లో మారిషస్ చెరుకు తోటలకు ఒప్పందపు కూలీల ప్రయాణములు మొదలైనవి. ఆకలిగొన్న కోస్తా గ్రామములు, కోరంగి రేవు, ఓడలు – ఈ కథ మీ ఇండ్లలో తెలిసినదే. తోట యజమానికి తెలుగుతో అంతకన్న తక్కువ పని: సర్దారుకు నాలుగు ఆజ్ఞలు తెలిసిన చాలును.

అదే 1834లో ఉద్యోగము పోయి బ్రౌన్ లండను వెళ్ళారు. అక్కడ ఇండియా హౌసులో పడి ఉన్న దక్షిణదేశ వ్రాతప్రతులను మద్రాసుకు తిరిగి పంపించుటకు కృషి చేశారు. 1838లో పారశీక అనువాదకులుగా మరల వచ్చారు. 1840లో ఆయన తెలుగు వ్యాకరణము వెలువడినది. అది పరభాషీయులకై వ్రాసినది గనుక, ఇంగ్లీషు లేక ఫ్రెంచి మాటలాడుచు పెరిగిన మనుమలకు నేటికీ అనుకూలము.

ఆయన నిఘంటువులు 1852 మొదలు 1854 వరకు అచ్చయినవి. గ్రామ్యమని పండితులు తోసివేసిన మాటలకు కూడ బ్రౌన్ చోటిచ్చారు. పల్లెలో రైతు, కచేరీలో గుమాస్తా, సంతలో వర్తకుడు పలికిన మాటలు కావ్యపదముల ప్రక్కన కూర్చున్నవి. తెలుగులో కలిసిన పరభాషా పదములకు వేరుగా ఒక నిఘంటువే వేశారు. ఓడలెక్కిన మన పెద్దలు కావ్యములు మూట కట్టుకొని పోలేదు. వారు తీసికొనిపోయినవి ఈ మాటలే.

ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద చీర, పచ్చడి, బంగారము అన్నీ దొరకును. పిల్లలను తెలుగు తరగతిలో చేర్చుటకు వచ్చిన తలిదండ్రులు దీనివలన కళాశాల ప్రవేశమునకు, ఉద్యోగమునకు ఏమి లాభమని అడుగుదురు. దోషము కాదు, రుసుము కట్టువారు అడుగుదురు. కాని లాభము చూపుటకై పాఠములు కుదించిన, అంగడిలో అడుగుటకు చాలినంత తెలుగే మిగులును. మద్రాసు కళాశాల కూడ తన అక్కరకు చాలినంతే కొలిచినది. తోటల సంతతివారు మాత్రము ఆ ప్రశ్న అరుదుగా వేయుదురు. నాయనమ్మ పలికిన ఒక మాటకు అర్థమేమని అడుగుదురు. వారికి మొదటి పాఠముగా వేమన పద్యమే చెప్పవలెనని నా అభిప్రాయము.

బ్రౌన్ 1850ల మధ్యలో ఇంగ్లండు తిరిగి వెళ్ళారు. 1865లో లండనులో తెలుగు ఆచార్యులైనారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన నివసించిన స్థలమున నేడు ఆయన పేర గ్రంథాలయము నడుచుచున్నది. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును షికాగో విశ్వవిద్యాలయము అంతర్జాలములో ఉచితముగా ఉంచినది. నాయనమ్మ మాటను అక్కడ తెలుగు లిపిలో వ్రాసి వెదకవచ్చును.