జాన్ బ్రైట్: ఓట్లు పోయినా మాట మార్చని మిల్లు యజమాని

నేతన్నల సంచికలో లాంకషైర్ మిల్లు యజమాని కథేంటని అడగొచ్చు. నిజమే, మన మగ్గాల పొట్ట కొట్టింది ఆ మిల్లు బట్టే. అయినా ఈయన సంగతి వినదగ్గది.

జాన్ బ్రైట్ 1811లో రాచ్‌డేల్‌లో పుట్టాడు. తండ్రిది నూలు మిల్లు. యుద్ధాన్ని ఒప్పుకోని క్వేకర్ల కుటుంబం. 1847లో మాంచెస్టర్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు.

1854లో బ్రిటన్ రష్యా మీద క్రిమియా యుద్ధానికి దిగింది. పత్రికలు, జనం, అంతా యుద్ధం వైపే. ఇది అనవసరపు యుద్ధమని బ్రైట్ సభలో లేచి చెప్పాడు. గెలిపించిన మాంచెస్టర్‌లోనే ఆయన దిష్టిబొమ్మ తగలబెట్టారు. 1855 ఫిబ్రవరిలో సైనికుల చావుల గురించి ఆయన మాట్లాడుతుంటే సభ మొత్తం కిక్కురుమనకుండా వింది. విన్నారు గానీ యుద్ధం ఆపలేదు. మరుసటేడు ఆయన ఆరోగ్యమే దెబ్బతింది. 1857లో చైనా యుద్ధం మీద ఎన్నికలొస్తే జనం ప్రధాని పామర్‌స్టన్‌కు జై కొట్టారు. జబ్బుతో విదేశంలో ఉన్న బ్రైట్ మాంచెస్టర్‌లో ఓడిపోయాడు. అదే ఏడు బర్మింగ్‌హామ్ ఆయన్ని మళ్లీ సభకు పంపింది.

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై పత్తి రాక ఆగింది. లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి, పనివాళ్లు పస్తులున్నారు. నూలు లేని మగ్గం బాధ మనకొకరు చెప్పాలా! పత్తి పండించే దక్షిణాది వైపు నిలబడాలని పెద్దలు చాలామంది అన్నారు. మిల్లు సొంతమైన బ్రైట్ మాత్రం బానిసత్వాన్ని కాపాడే పక్షానికి సాయం కూడదన్నాడు.

1882లో బ్రిటిష్ నౌకలు ఈజిప్టులో అలెగ్జాండ్రియా మీద ఫిరంగులు పేల్చాయి. అప్పటికి ఆయన మంత్రి, వయసు డెబ్బై. పదవికి రాజీనామా చేసి బయటికొచ్చేశాడు.