సాలార్ జంగు మంత్రి — పొగబండి పెత్తనము

సభా సంచికలో కులమున జన్మించిన మహనీయుల చరితములు వ్రాయుట మన యాచారము. ఈ యేడు మేము అన్యుని చరితమును చేకొంటిమి. కారణము కలదు. కొత్తవాడ మగ్గముల మీది జంపఖానాలు ఊరు దాటవలెనన్న బండి కావలెను. ఆ బండ్లను నడపు సంస్థకు సమర్థుడైన పెద్ద కావలెను. అట్టివానిని ఎచ్చట వెదకవలెను, ఎవరు ఎన్నుకొనవలెను అను చింత సరకుల రవాణా వ్యాపారము చేయు మన పోషకులను నేడును వదలలేదు. నిజాము రాజ్యమున ఈ చింతను పెద్దయెత్తున అనుభవించినవాడు మొదటి సాలార్ జంగు.

ఇతని నామధేయము మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829 లో బిజాపురమున జన్మించెను. ఇరువది యేండ్ల ప్రాయమున, మనకు పొరుగున నున్న ఖమ్మమునకు తాలూక్దారుగా నెనిమిది మాసములు పనిచేసి మాలుగుజారీ లెక్కలలో ఆరితేరెను. 1853 లో పితృవ్యుడు సిరాజుల్ ముల్కు గతింపగా, 24వ యేట దివాను పదవి నధిష్ఠించెను. నాటికి బొక్కసము వట్టిది. రాజాభరణములు తాకట్టున నుండెను. బీరారు ఆ యేటి సంధిచే ఆంగ్లేయుల వశమయ్యెను. పన్నులు గుత్తదారుల చేతిలో నుండెను. గుత్తలను క్రమముగా తొలగించి, జీతముపై పనిచేయు అధికారులను నియమించి, 1865 లో జిల్లాల నేర్పరచెను.

పద్ధతి మారెను గాని దానిని నడపువారేరి? ఇచ్చటనే సాలార్ జంగు నేర్పు కనబడును. నగరములోని జాగీర్దారుల నొప్పింపక, 1868 ప్రాంతమున నాలుగు శాఖల నేర్పరచి వాని పెద్దరికమును వారికే యిచ్చెను. అసలు పని చేయు కార్యదర్శులను మాత్రము ఉత్తర హిందూస్థానము నుండి రప్పించెను. లక్నో కళాశాలలో అరబీ బోధించుచుండిన సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ 1873 లో వచ్చెను. మిర్జాపురమున డిప్యూటీ కలెక్టరుగా నుండిన మెహదీ అలీ 1874 లోను, ముష్తాక్ హుసేన్ 1875 లోను, చిరాగ్ అలీ 1877 లోను కొలువున చేరిరి. వీరిలో కొందరిని సిఫారసు చేసినవాడు అలీగఢమున విద్యాలయము స్థాపించిన సర్ సయ్యద్ అహమదు. తెలిసిన పెద్ద నడిగి, పరిచయమున్న వానిని పిలిపించి, పని యప్పగించి చూచుట: నేటి సంస్థలు రుసుము చెల్లించి చేయించుకొను పని ఇంతకంటె వేరు కాదని మాకు తోచును.

ఫలము మంచిదే, రాబడి పెరిగెను, న్యాయస్థానములు కుదుటబడెను. కాని స్థానికుని నోటి ముద్ద పరదేశి యెత్తుకొనెనను మాటయు ఆనాడే పుట్టెను. ముల్కీ, గైర్ ముల్కీ వివాదమునకు అదియే విత్తు. 1952 లో మన వరంగల్లు విద్యార్థులు ఆ మాట యెత్తియే వీథులకెక్కిరి. 1870 లో సాలార్ జంగు నగరమున ఇంజనీరింగు పాఠశాలను తెరచినమాట నిజమే. అయినను ఒక్క పాఠశాల రాజ్యమునకంతకు చాలునా?

పొగబండి విషయమున ఆయన నేర్పు పారలేదు. బొంబాయి, మదరాసుల నడిమి దారి 1871 లో పూర్తికాగా, వాడి నుండి నగరమునకు శాఖ వేయుమని ఆంగ్లేయులు ఒత్తిడి చేసిరి. దారి భూమిపై న్యాయాధికారము పోవునని దివాను వెనుకాడియు తుదకు సమ్మతించెను. 1874 లో బండి నడచెను. వ్యయము నిజాముది, పట్టాలపై పెత్తనము ఆంగ్లేయులది. మాలుశాఖకు మనుష్యులను తానే యేరుకొనిన దివానునకు రైలుశాఖలో ఆ స్వేచ్ఛ దొరకలేదు.

పిమ్మట దారిని వరంగల్లు మీదుగా బెజవాడకును, చాందాకును పొడిగింపవలెనని లండనులో బేరము సాగెను. బేరమాడుటకు వెళ్లినవాడు అబ్దుల్ హక్కు. బేరము ముగియకమున్నే, 1883 ఫిబ్రవరి 8 న, సాలార్ జంగు విషూచికచే మరణించెను. ఆ యేడే నిబంధనల వివరములు ప్రజలకు తెలుపవలెనని అఘోరనాథ ఛటోపాధ్యాయుడు, ముల్లా అబ్దుల్ ఖయ్యూము మొదలగువారు నిలదీసిరి. అఘోరనాథుని నగరము నుండి వెడలగొట్టిరి. ఈతడు సరోజినీ నాయుడమ్మ తండ్రి. డిసెంబరులో ఒడంబడిక ముగిసెను: లండను కంపెనీ మూలధనముపై నూటికి ఐదు చొప్పున ఇరువది యేండ్లు వడ్డీకి రాజ్యమే హామీ. డైరెక్టర్ల సభ లండనులో. అబ్దుల్ హక్కు నడపిన మరియొక బేరము, గనుల కంపెనీ వాటాల వ్యవహారము, 1888 లో పార్లమెంటు విచారణకెక్కెను. మనిషి నెన్నుకొనుటలో అంతటి మంత్రికిని ఈ యొక్కచోట గురి తప్పెనని మా యభిప్రాయము.

1930 లో గాని రాజ్యము ఆ దారులను కొనలేదు. కొన్న రెండేండ్లకు, 1932 లో, ఆ రైలుశాఖయే 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించెను.

వరంగల్లునకు బండి 1886 లో వచ్చెను. మన జంపఖానాలు దూరదేశపు అంగళ్లకు పోవ దారి తెరచెను. మిల్లు నూలును మిల్లు గుడ్డయు ఆ దారినే లోనికి వచ్చెను. చేతి గుడ్డకు గిరాకి తగ్గినచోట్ల మన పెద్దలు మూటలు కట్టుకొని ఆ బండియే యెక్కి, వాడిలో బండి మారి, సోలాపురమునకును, బొంబాయికిని, భీవండికిని పని వెదకికొనుచు పోయిరి.