వాల్ట్ డిస్నీ: బొమ్మలకు ప్రాణం పోశాడు.. కలల రైడ్ చూడకుండానే వెళ్లిపోయాడు!

వాల్ట్ డిస్నీ అనగానే అందరికీ మిక్కీ మౌసే గుర్తొస్తుంది. కానీ తెర మీద బొమ్మలాడించడం ఆయనకు సరిపోలేదు. ఎదురుగా నిలబడి మాట్లాడే బొమ్మలు కావాలనుకున్నారు.

1901లో షికాగోలో పుట్టిన డిస్నీ, పిల్లలూ పెద్దలూ కలిసి ఎంజాయ్ చేసే పార్క్ కట్టాలని పట్టుబట్టారు. అన్న రాయ్ మొదట్లో ఒప్పుకోలేదు. అయినా తగ్గలేదు. ఇన్సూరెన్స్ పాలసీ మీద అప్పు తెచ్చి, 1952లో పార్క్ డిజైన్ కోసమే వేరే కంపెనీ పెట్టారు.

1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ ఓపెన్ అయింది. చీకట్లో బండెక్కి వెళ్తుంటే స్నోవైట్ కథ కళ్ల ముందు కనిపించే రైడ్ కూడా ఆ రోజే మొదలైంది. అయితే అందులో బొమ్మల కదలికలు అంతంతమాత్రమే.

ఆ లోటు తీర్చడానికి ఆయన టీమ్ ఏళ్ల తరబడి కష్టపడింది. టేపులో రికార్డు చేసిన సిగ్నల్స్‌తో బొమ్మలు కదిలేలా చేసింది. 1963లో బొమ్మ పక్షులు పాటలు పాడాయి. 1964లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో అబ్రహం లింకన్ బొమ్మ కుర్చీలోంచి లేచి ప్రసంగించింది. జనం నోరెళ్లబెట్టారు.

తర్వాత సముద్రపు దొంగల కథ ఎత్తుకున్నారు. నడుస్తూ చూసే మైనపు బొమ్మల మ్యూజియం అనుకున్నది కాస్తా, పడవలో కూర్చుని చూసే భారీ రైడ్‌గా మారింది. అదే ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’. జానీ డెప్ సినిమాలకు మూలం కూడా ఈ రైడే.

కానీ పని పూర్తి కాకముందే, 1966 డిసెంబర్ 15న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో డిస్నీ కన్నుమూశారు. వయసు 65. సుమారు మూడు నెలలకు, 1967 మార్చిలో ఆ రైడ్ మొదలైంది. మొదటి పడవలెక్కిన జనంలో ఆయన మాత్రం లేరు.