జాన్ చికాయ్

జాన్ మార్టిన్ చికాయ్ (ఏప్రిల్ 28, 1936 - అక్టోబరు 8, 2012) డెన్మార్కు దేశానికి చెందిన ప్రముఖ జాజ్ సంగీత విద్వాంసుడు, స్వరకర్త, సంగీతాచార్యుడు. ఆల్టో శాక్సోఫోన్ ఇతని ప్రధాన వాద్యము. తరువాతి కాలంలో టెనర్, సొప్రానో శాక్సోఫోన్లను, బేస్ క్లారినెట్‌ను, ఫ్లూటును కూడా వాయించాడు. 1964లో న్యూయార్కు నగరంలో ఇతడు మరికొందరితో కలసి స్థాపించిన న్యూయార్క్ ఆర్ట్ క్వార్టెట్ అనే నలుగురి బృందము, స్వేచ్ఛా జాజ్ అనే సంగీత పద్ధతి చరిత్రలో ముఖ్యమైన స్థానం పొందింది. ఆ బృందము నిలిచినది సుమారు ఏడాదిన్నర మాత్రమే. అది జీవించి ఉండగా చేసిన రికార్డులలో రెండు ఆల్బములు మాత్రమే ఆ రోజులలో వెలువడ్డాయి. అయినా చికాయ్ పేరు నేటికీ ముందుగా ఆ బృందముతోనే ముడిపడి ఉంది.

బాల్యము

చికాయ్ కోపెన్‌హాగన్ నగరంలో జన్మించాడు. తల్లి డెన్మార్కు దేశస్థురాలు, తండ్రి ఆఫ్రికాలోని కాంగో ప్రాంతమువాడు. కుటుంబము ఆర్హుస్ పట్టణానికి తరలి వెళ్ళగా అక్కడే పెరిగాడు. ఆ కాలపు డెన్మార్కులో నల్లజాతి సంతతివారు వేళ్ళమీద లెక్కించదగినంతమంది మాత్రమే ఉండేవారన్న సంగతి ఇతని జీవితాన్ని అర్థం చేసుకొనడానికి గుర్తుంచుకోవలసి ఉంది. చిన్నతనంలో వయొలిన్ నేర్చుకున్నాడు. పదహారేళ్ళ ప్రాయంలో క్లారినెట్, ఆల్టో శాక్సోఫోన్లు చేపట్టి, క్రమంగా ఆల్టో శాక్సోఫోన్‌నే తన మార్గంగా ఎంచుకున్నాడు. (కద్రి గోపాల్‌నాథ్ కర్ణాటక సంగీతానికి అలవాటు చేసిన వాద్యము ఇదే కనుక తెలుగు శ్రోతలకు దీని నాదము కొత్తది కాదు.) అమెరికా విద్వాంసులలో లీ కోనిట్జ్ వాదనము ఇతనిని మిక్కిలి ఆకర్షించింది. కోనిట్జ్ ఆవేశాన్ని అదుపులో ఉంచి, తేటగా, పొడిగా స్వరాన్ని పలికించేవాడు. ఆ గుణము చికాయ్ వాదనలో చివరివరకు కనిపిస్తుంది.

1950వ దశకం చివరి సంవత్సరాలలో ఇతడు ఉత్తర ఐరోపా దేశాలలో తిరుగుతూ పలు బృందాలతో కచేరీలు చేశాడు. ఆ రోజులలో కోపెన్‌హాగన్ ఐరోపా జాజ్ కేంద్రాలలో ఒకటిగా ఎదుగుతూ ఉన్నది. 1959లో ప్రారంభమైన జాజ్‌హుస్ మోన్‌మార్ట్ర్ అనే కచేరీశాలకు అమెరికా నుండి పెద్ద పెద్ద విద్వాంసులు వచ్చి వాయించేవారు. డెక్స్టర్ గోర్డన్, పియానో విద్వాంసుడు కెన్నీ డ్రూ వంటివారు ఆ నగరంలోనే సంవత్సరాల తరబడి నివసించారు. అమెరికాలో ఎదురైన వర్ణవివక్ష నుండి ఊరట కోసం కూడా నల్లజాతి కళాకారులు డెన్మార్కు చేరుతూ ఉండగా, డెన్మార్కులో పుట్టిన నల్లజాతి యువకుడు అందుకు ఎదురు దిశలో ప్రయాణించడం విశేషము.

న్యూయార్కు ప్రయాణము

1962లో ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో ప్రపంచ యువజనోత్సవము జరిగింది. అక్కడ చికాయ్‌కు అమెరికా నుండి వచ్చిన శాక్సోఫోన్ విద్వాంసుడు ఆర్చీ షెప్, ట్రంపెట్ విద్వాంసుడు బిల్ డిక్సన్ పరిచయమయ్యారు. వారి ప్రోత్సాహముతో ఇతడు న్యూయార్కు చేరుకున్నాడు. 1963లో షెప్, డాన్ చెర్రీ, డాన్ మూర్, జె.సి. మోజెస్‌లతో కలసి న్యూయార్క్ కాంటెంపరరీ ఫైవ్ అనే బృందములో వాయించాడు. ఆ సంవత్సరమే ఈ అయిదుగురూ ఐరోపా పర్యటనకు వచ్చి నవంబరులో మోన్‌మార్ట్ర్ కచేరీశాలలో వాయించగా, ఆ కచేరీ రికార్డు చేయబడింది. స్వదేశము విడిచి ఏడాది తిరిగీ తిరగకమునుపే చికాయ్ అమెరికా బృందములో సభ్యునిగా స్వదేశపు వేదిక ఎక్కాడన్నమాట.

న్యూయార్క్ ఆర్ట్ క్వార్టెట్

ఈ బృందము చేసిన పని తెలియాలంటే అంతకుముందున్న పద్ధతిని కొంత తెలుసుకోవాలి. సాధారణంగా జాజ్ కచేరీలో మొదట ఒక పాట వరుసను అందరూ వాయిస్తారు. తరువాత ఒక్కొక్కరు ఆ పాటకు ఆధారమైన స్వరసముదాయాల ఆవృత్తి మీద తమ మనోధర్మాన్ని చూపిస్తారు. డ్రమ్ములు, డబుల్ బేస్ (మనిషి ఎత్తున నిలబెట్టి మీటే పెద్ద తంత్రీవాద్యము) కాలప్రమాణాన్ని తప్పక నిలుపుతాయి. మన కచేరీలో కృతి పాడిన పిమ్మట కల్పనస్వరాలు, మృదంగము పక్కబలము ఉన్నట్లే అనుకోవచ్చు, రాగానికి బదులు అక్కడ స్వరసముదాయాలు ఉంటాయి. 1960 ప్రాంతంలో ఆర్నెట్ కోల్మన్, సెసిల్ టేలర్ ప్రభృతులు ఈ కట్టుబాట్లను ఒక్కొక్కటిగా సడలించారు. పాట వరుస ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆవృత్తి లేదు. కాలప్రమాణము కూడా వాద్యకారుల ఇష్టానుసారము సాగవచ్చు, ఆగవచ్చు. దీనికే స్వేచ్ఛా జాజ్ అని పేరు వచ్చింది.

1964 వేసవిలో చికాయ్, ట్రాంబోన్ విద్వాంసుడు రోజ్‌వెల్ రడ్ కలసి న్యూయార్క్ ఆర్ట్ క్వార్టెట్‌ను ఏర్పాటు చేశారు. రడ్ యేల్ విశ్వవిద్యాలయములో చదువుకునే రోజులలో డిక్సీలాండ్ అనే పాత పద్ధతి జాజ్ వాయించినవాడు. ఆ పద్ధతిలో కొమ్ము వాద్యాలన్నీ ఒకేసారి వేర్వేరు వరుసలు అల్లుకుంటూ పోతాయి. స్వేచ్ఛా జాజ్ సంప్రదాయాన్ని తెంచివేసినదని విమర్శించినవారు ఈ సంగతి గమనించినట్లు లేదు. చికాయ్, రడ్ ఒకేసారి వాయిస్తూ ఒకరి మాటకు మరొకరు జవాబు చెప్పుకునే తీరులో జాజ్ తొలినాటి న్యూ ఆర్లియన్స్ వీథులే వినిపిస్తాయి.

మూడవవాడు డ్రమ్ముల విద్వాంసుడు మిల్ఫర్డ్ గ్రేవ్స్. ఇతడు అంతకుముందు లాటిన్ అమెరికా సంగీత బృందాలలో వాయించాడు. 1965లో వసంత సింగ్ అనే గురువు వద్ద తబలా కూడా అభ్యసించాడు. గ్రేవ్స్ వచ్చిన తరువాత బృందము స్వరూపమే మారిపోయింది. అతడు తాళము వేయడు. ఇతరులు పలికే ప్రతి పదానికి డ్రమ్ములతో బదులు పలుకుతాడు. నాల్గవ స్థానమైన డబుల్ బేస్‌లో మాత్రం స్థిరత్వము లేదు. లూయిస్ వరెల్, రెజీ వర్క్‌మన్ మొదలుకొని పలువురు మారారు. బృందములో పియానో లేదు. పియానో ఉంటే స్వరసముదాయాలు వినిపిస్తూ మిగిలినవారిని ఒక దారిలో నడిపిస్తుంది. అది లేకపోవడం వలన నలుగురూ ఒకరినొకరు వినడం తప్ప వేరొక ఆధారము మిగలలేదు.

చికాయ్ ప్రత్యేకత ఇక్కడనే తెలుస్తుంది. అదే కాలంలో ఆల్బర్ట్ అయ్‌లర్, షెప్ మొదలగువారు శాక్సోఫోన్ చేత అరిపించి, ఏడిపించి, స్వరము హద్దులు దాటించారు. చికాయ్ చిన్న చిన్న పదాలు పలికి ఆగుతాడు. ఒకే పదాన్ని కొద్ది మార్పుతో మరల మరల తిప్పి చూస్తాడు. మౌనాన్ని కూడా వాయిస్తాడని చెప్పినా తప్పులేదు. కట్టుబాట్లు లేనిచోట సంయమనము పాటించడం కట్టుబాట్లు ఉన్నచోట కన్న కష్టము. ఈ బృందపు సంగీతము విన్నవారికి తొలుత గందరగోళముగా తోచినా, రెండవసారి వినేసరికి అందులో ఎవరూ ఎవరినీ కప్పివేయడం లేదని అర్థమవుతుంది.

బృందము మొదటి ఆల్బము 1964 నవంబరులో ఇ.ఎస్.పి. డిస్క్ అనే చిన్న సంస్థ కోసం రికార్డు అయింది. ఈ సంస్థ అధిపతి బెర్నార్డ్ స్టోల్మన్ అనే న్యాయవాది. ఎస్పెరాంటో అనే కృత్రిమ భాష ప్రచారానికై మొదలుపెట్టిన సంస్థ స్వేచ్ఛా జాజ్‌కు నిలయం కావడం ఒక విచిత్రము. ఈ ఆల్బములో నల్లజాతి కవి లీరాయ్ జోన్స్ (తరువాతి పేరు అమిరి బరాకా) తన కవిత ఒకటి చదివాడు. అది తెల్లజాతి ఆధిపత్యము మీద తీవ్రమైన ఆగ్రహముతో నిండిన కవిత. అమెరికాలో పౌరహక్కుల చట్టము వచ్చినదీ, న్యూయార్కులోని హార్లెం వాడలో అల్లర్లు జరిగినదీ ఆ సంవత్సరము జూలైలోనే. కవి గొంతు ఎంత తీక్ష్ణంగా ఉన్నదో చుట్టూ వాద్యాలు అంత నిదానంగా ఉన్నాయి. ఆ బృందములో అమెరికా నల్లజాతివారు, ఒక తెల్లజాతివాడు, కాంగో తండ్రికి పుట్టిన డెన్మార్కు వాడు కలసి ఉండడమే ఆనాటికి ఒక ప్రకటన వంటిది.

సంగీతానికి గౌరవము దొరికినంత సులభంగా కూలి దొరకలేదు. స్వేచ్ఛా జాజ్‌ను కచేరీశాలల యజమానులు దగ్గరకు రానిచ్చేవారు కారు. అందువలన బిల్ డిక్సన్ 1964 అక్టోబరులో సెల్లార్ కఫే అనే చిన్న కాఫీశాలలో నాలుగు రోజుల కచేరీలు ఏర్పాటు చేశాడు. ఇది అక్టోబరు విప్లవము అన్న పేరుతో ప్రసిద్ధి పొందింది. ఆర్ట్ క్వార్టెట్ కూడా ఇందులో పాల్గొన్నది. దాని వెనుకనే కళాకారులు తమ కష్టానికి తగిన ప్రతిఫలం కోసం జాజ్ కంపోజర్స్ గిల్డ్ అనే సంఘము పెట్టుకున్నారు. చికాయ్, రడ్ ఇద్దరూ అందులో సభ్యులు. ఆ సంఘము మరుసటి సంవత్సరమే చెదరిపోయింది.

1965 జూలైలో రెండవ ఆల్బము మోహాక్ రికార్డు అయింది. దీనిలో వర్క్‌మన్ డబుల్ బేస్ వాయించాడు. చార్లీ పార్కర్ రచన ఒకటి ఇందులో ఉండడం వలన కొత్తగా వినేవారికి ఈ ఆల్బముతో ప్రారంభించడం సుకరము. అక్టోబరులో బృందము డెన్మార్కు పర్యటించినపుడు గ్రేవ్స్, వర్క్‌మన్ రాలేదు. వారి బదులు డెన్మార్కుకు చెందిన ఫిన్ వాన్ ఐబెన్, దక్షిణాఫ్రికా వర్ణవివక్ష పాలన నుండి బయటపడి ఐరోపా చేరిన డ్రమ్ముల విద్వాంసుడు లూయిస్ మొహోలో వాయించారు. ఆ తరువాత బృందము విడిపోయింది.

ఇతర బృందాలలో

న్యూయార్కులో ఉన్న కొద్ది సంవత్సరాలలో చికాయ్ పాల్గొన్న రికార్డుల జాబితా చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. 1964 జూలైలో మైకేల్ స్నో తీసిన చలనచిత్రం కోసం అయ్‌లర్, చెర్రీ, రడ్‌లతో కలసి వాయించాడు. దర్శకుడు విడివిడి ప్రదర్శనలు వద్దని, అందరూ కలసి వాయించాలని కోరాడట. ఆగస్టులో షెప్ ఆల్బము ఫోర్ ఫర్ ట్రేన్‌లోను, 1965 జూన్ 28న జాన్ కోల్ట్రేన్ ప్రఖ్యాత ఆల్బము అసెన్షన్‌లోను ఇతని ఆల్టో శాక్సోఫోన్ వినవచ్చు. అసెన్షన్‌లో పదకొండుమంది వాద్యకారులు నలభై నిమిషాలపాటు ఏకబిగిన వాయించారు. ఆ హోరులో కూడా చికాయ్ వంతు వచ్చినపుడు అతని పొడి స్వరము వెంటనే గుర్తుపట్టవచ్చు.

డెన్మార్కుకు తిరిగిరాక

1966లో చికాయ్ స్వదేశానికి తిరిగివచ్చాడు. కోల్ట్రేన్ సరసన వాయించినవాడు కీర్తి దక్కుతున్న చోటు విడిచి రావడం చాలమందికి వింతగా తోచింది. ఇక్కడ కెడెన్షియా నోవా డానికా అనే పెద్ద బృందాన్ని నిర్మించాడు. న్యూయార్కులో నలుగురితో చేసిన ప్రయోగాన్ని అంతకు ఎన్నో రెట్లమందితో చేయడం దీని ఉద్దేశము. ఇది పూర్తిగా నెరవేరినదని చెప్పలేము, మంది పెరిగిన కొద్దీ ఒకరినొకరు వినడం కష్టమవుతుంది. అయినా 1969 నాటి ఆఫ్రోడిసియాకా ఆల్బము శ్రద్ధగా వినదగినది. అదే సంవత్సరము మార్చి 2న ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో యోకో ఓనో, బీటిల్స్ బృందానికి చెందిన జాన్ లెనన్ చేసిన కచేరీ చివరి భాగంలో చికాయ్ శాక్సోఫోన్ వాయించాడు. జాజ్ తెలియని వారు కూడా ఇతని పేరు విన్నది ఎక్కువగా ఈ కారణము చేతనే.

1970వ దశకంలో చాలకాలము కచేరీలు తగ్గించుకొని యోగాభ్యాసము, ధ్యానము, పిల్లలకు, పెద్దలకు సంగీతము నేర్పడం వీటిలో గడిపాడు. తిరిగి వేదిక ఎక్కిన తరువాత 1977లో రియల్ చికాయ్ అనే ఆల్బము వెలువరించాడు. దీనిలో గిటారు విద్వాంసుడు పియెర్ డోర్గె, ప్రసిద్ధ డబుల్ బేస్ విద్వాంసుడు నీల్స్ హెనింగ్ ఓర్‌స్టెడ్ పెడర్సెన్ సహకరించారు. డోర్గె స్థాపించిన న్యూ జంగిల్ ఆర్కెస్ట్రాలో కూడా వాయించాడు. 1980వ దశకంలో టెనర్ శాక్సోఫోన్ వైపు మొగ్గాడు. మనోధర్మ సంగీతము నేర్చుకొనువారికై ఇతడు వ్రాసిన అభ్యాస గ్రంథము 1987లో ప్రచురితమైంది. ముందుగా నిర్ణయించనిదానిని నేర్పడం ఎట్లాగన్న ప్రశ్నకు ఉపాధ్యాయునిగా ఇతడు వెతికిన సమాధానము అది.

చివరి సంవత్సరాలు

1990లో డెన్మార్కు సాంస్కృతిక మంత్రిత్వ శాఖ చికాయ్‌కు జీవితకాలపు గౌరవ భృతి మంజూరు చేసింది. మరుసటి సంవత్సరము అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రానికి తరలి డేవిస్ పట్టణములో నివసించాడు. 1999లో రడ్, గ్రేవ్స్, వర్క్‌మన్‌లతో పాత బృందము మరల ఒకటయింది. బరాకా కూడా వచ్చి కవితలు చదివాడు. మూడు దశాబ్దాలకు పైబడిన ఎడబాటు తరువాత చేసిన ఈ రికార్డులో యౌవనపు దూకుడు తగ్గినా, ఒకరి మాట ఒకరు వినే అలవాటు పోలేదు. 2001లో చికాయ్ ఫ్రాన్సు దక్షిణ ప్రాంతంలోని పెర్పిన్యాన్ సమీపానికి మారాడు.

2012 జూన్‌లో బార్సిలోనా విమానాశ్రయములో ఉండగా మెదడులో రక్తస్రావము సంభవించింది. కొంత కోలుకుంటున్నట్లు కనిపించినా, అక్టోబరులో పెర్పిన్యాన్‌లో మరణించాడు. అప్పటికి ఇతని వయస్సు 76 సంవత్సరాలు. రడ్ 2017లోను, గ్రేవ్స్ 2021లోను మరణించారు.

1965 నాటి డెన్మార్కు పర్యటనలో చేసిన రికార్డులు ఓల్డ్ స్టఫ్ అన్న పేరుతో 2010లో, అంటే చికాయ్ జీవించి ఉండగానే, విడుదలయ్యాయి. 1964, 65 సంవత్సరాల అముద్రిత రికార్డులు అయిదు ఎల్.పి.ల సంపుటముగా 2013లో వచ్చాయి. ఆ సంపుటము చూడడానికి మాత్రం అతడు లేడు.