ఆంధ్రకేసరి జీవితంలో తక్కువగా చెప్పుకునే పేజీ

టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1872 ఆగస్టు 23న మన జిల్లాలోని వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. హాస్టల్ అన్నం తిని చదువుకున్న మాకు ఆ పూటకూళ్ల ఇల్లు ఎందుకో దగ్గరగా తోస్తుంది. గురువు హనుమంతరావు నాయుడు గారు రాజమండ్రి తీసుకుపోయి చదివించారు. లండన్ వెళ్లి బారిస్టరై, మద్రాసులో బాగా ఆర్జించి, 1921లో ప్రాక్టీసు వదిలి ఆ డబ్బంతా ‘స్వరాజ్య’ పత్రికలో పోశారు. 1928లో సైమన్ కమిషన్ బహిష్కరణనాడు తుపాకీకి రొమ్ము చూపిన సంగతి మన హాస్టల్లో మూడో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు.

మేము చెప్పదలచుకున్నది జైలు సంగతి.

1942లో క్విట్ ఇండియా రోజుల్లో ఆయన్ని పట్టుకుపోయి, కోర్టులో విచారణ అంటూ లేకుండా, 1945 దాకా ఉంచారు. అప్పటికే డెబ్బై ఏళ్ల మనిషి. ఆ ఏప్రిల్లోనే విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి, కనుక ప్రభుత్వానిది ఉత్త భయం అనలేము. కానీ ఆ బాంబులకూ ఈ వృద్ధుడికీ సంబంధమేమిటని అడగడానికి జడ్జి ముందు నిలబడే వీలే లేదు.

1946 ఏప్రిల్ 30న ఆయనే మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు. 1947 జనవరిలో ఆ ప్రభుత్వమే విచారణ లేకుండా నిర్బంధించే ఆర్డినెన్సు తెచ్చింది. వెంటనే కమ్యూనిస్టుల అరెస్టులు మొదలయ్యాయి. సమ్మెలు, ఆందోళనలు అదుపు తప్పుతున్నాయని ప్రభుత్వ వాదన. హింసకు దిగినవాణ్ని పట్టుకోవద్దని ఎవరంటారు? పట్టుకున్నాక రుజువు చేయాలి కదా! ఈ మాట బారిస్టరు గారికి ఒకరు చెప్పాలా?

మార్చిలో ఆయన పదవి పోయింది. ఆర్డినెన్సు మాత్రం చట్టమై నిలిచింది. మంచివాడి చేతిలో ఉందని ఒప్పుకున్న అధికారం ఆయనతో పాటు దిగిపోదు. ఆ ఏడాది డిసెంబరులో నిర్బంధించిన ఎ.కె. గోపాలన్ 1950లో సుప్రీంకోర్టుకెక్కారు. అప్పటికి కొత్త రాజ్యాంగం కూడా 22వ అధికరణంలో ఇలాంటి నిర్బంధానికి చోటిచ్చింది. నిర్బంధ కారణాలు కోర్టుకు చెప్పరాదన్న 14వ సెక్షన్ ఒక్కటి కొట్టేసి, మిగతా కేంద్ర చట్టాన్ని కోర్టు నిలబెట్టింది. గోపాలన్ జైల్లోనే ఉండిపోయారు.

తర్వాత టాడా వచ్చింది, పోటా వచ్చింది, రెండూ పోయాయి. యుఎపిఎ ఉంది. మామూలు కేసులో ఛార్జిషీటుకు ఎక్కువలో ఎక్కువ 90 రోజులైతే, ఇందులో కోర్టు అనుమతితో 180 రోజులు. బాంబు పేలుళ్ల కేసు తేలడానికి టైము పడుతుంది, నిజమే. కానీ అనుమానం మీద మన చీమకుర్తి క్వారీ కూలిని తీసుకుపోతే, ఆ ఆరు నెలలు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? తర్వాత నిర్దోషి అని తేలినా, పోయిన కూలి ఎవరిస్తారు?

పంతులు గారు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది నవంబరులో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. పడగొట్టిన ఓట్లలో కమ్యూనిస్టులవీ ఉన్నాయి. 1957 మే 20న కన్నుమూసేనాటికి ఒకప్పటి ఆ బారిస్టరు దగ్గర ఆస్తి అంటూ ఏమీ మిగల్లేదు.